నిదానం గారి ఎర్ర మగ్గు

మా బావకి అమ్మానాన్నా పెట్టిన పేరొకటి ఉంది. అది జీతం చీటీ మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి పైన అద్దాల గదిలో ఓనరు దాకా అందరికీ ఆయన ‘నిదానం’. కొత్తగా చేరినవాళ్ళు మర్యాద కోసం ‘నిదానం గారూ’ అంటారు. ఎవరెలా పిలిచినా ఆయన పలుకుతాడు. మా అక్క కూడా ఓపిక నశించినప్పుడు, “నిదానం గారూ, ఆ గోడకి మేకు ఈ జన్మలో కొడతారా?” అని అడుగుతుంది.

ఆ పేరు ఆయన చేజేతులా తెచ్చుకున్నదే. మిషను విప్పుతూ, బిగిస్తూ, దానితో “నిదానం, నిదానం” అంటుంటాడు. మిషనుకి వినపడుతుందో లేదో నాకు తెలీదు. ఆయనకి మాత్రం బాగా వినపడింది. మనిషి పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. మా అక్కకి నొప్పులొచ్చిన రోజు నేను ఫోన్ చేసి గొంతు పోయేలా అరిచాను. ఆయన చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుని, సబ్బు పెట్టి కడుక్కుని, టిఫిన్ డబ్బా సర్దుకుని, నడుచుకుంటూ ఆస్పత్రికి వచ్చాడు. అప్పటికి పిల్ల పుట్టింది, ఏడ్చింది, నిద్ర కూడా పోయింది. నేను వరండాలోనే పట్టుకుని దులిపేశాను. అంతా విని, “నేను పరిగెత్తుకొస్తే ముందే పుట్టేదా మరదలా?” అన్నాడు. ఇలాంటి మనిషితో ఎవరు మాత్రం పోట్లాడగలరు?

మాది ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీ. బకెట్లు, మగ్గులు, చెత్తబుట్టలు, స్టూళ్ళు చేస్తాం. హాలు పొడవునా రెండు వరసల్లో మిషన్లుంటాయి. పైన గరాటులో ప్లాస్టిక్ గుళికలు పోస్తే అవి లోపలి వేడికి కరిగి, అచ్చులోకి వెళ్ళి, చల్లబడి, బకెట్టయి బయట పడతాయి. హాలు చివర, బకెట్ల గుట్ట వెనకాల, నాది ప్యాకింగ్ పని. అక్కడ కూర్చుంటే మొత్తం హాలు కనపడుతుంది. నాకు చూపు ఎక్కువ, నోరు ఇంకా ఎక్కువ. అందుకని ఇదంతా చెప్పే బాధ్యత నా మీదే పడింది.

బావ ఇక్కడ మొదట లారీల నుంచి బస్తాలు దించేవాడు. అప్పట్లో ఉన్న మెకానిక్‌కి పనెంత వచ్చో కోపం అంతకి రెండింతలు వచ్చు. మిషను ఆగిందంటే ముందు మిషను కాదు, మనిషిని విప్పేవాడు. “ఎవడు కెలికాడు? ముందు వాడి పేరు చెప్పండి,” అనేవాడు. దాంతో ఆపరేటర్లు మిషన్లో ఏదైనా తేడా వచ్చినా చెప్పడం మానేశారు. చిన్న చప్పుడు పెద్ద చప్పుడయ్యేది, పెద్ద చప్పుడు పొగయ్యేది. ఆయనకి సామాన్లు అందించే పనిలో పడి బావ పని నేర్చుకున్నాడు, కోపం మాత్రం నేర్చుకోలేదు. ఆయన వెళ్ళిపోయాక హాల్లో మెకానిక్ కూర్చునే స్టూలు మీద బావని కూర్చోబెట్టారు.

బావ మిషను దగ్గరికొచ్చి మొదట అడిగే మాట ఒక్కటే. “ఏమంటోంది?”

“కుడిపక్క మూలుగుతోందన్నా,” అని ఆపరేటరు చెప్పేవాడు. లేకపోతే “బకెట్‌ని వదలనంటోంది,” అని. తప్పెవరిదని ఆయన అడిగేవాడు కాదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. అడక్కపోయేసరికి జనం వాళ్ళంతట వాళ్ళే చెప్పేసేవారు, నేనే మరను ఎక్కువ బిగించానన్నా అని. ఆయన తలూపి వదులు చేసేవాడు. అక్కడితో ఆ సంగతి అయిపోయేది.

ఇక్కడ మగ్గు గురించి చెప్పాలి. హాల్లో మోతకి పక్కవాడు తుమ్మినా వినపడదు, ఇక ఆ మూల నుంచి ఈ మూలకి పిలవడం కుదిరే పని కాదు. నాలుగో మిషను పిన్ని ఒకరోజు పిలిచి పిలిచి విసిగిపోయి, చీపురుకర్ర తీసుకుని, దాని కొసకి సొట్టపడిన ఎర్ర మగ్గొకటి బోర్లించి, మిషను మీద జెండాలా నిలబెట్టింది. హాలు అవతల స్టూలు మీదున్న బావ అది చూశాడు, చేతులు తుడుచుకున్నాడు, నడిచొచ్చాడు. మర్నాటికి మూడో మిషను మీదా మగ్గు బోర్లించిన ఊచ ఒకటి లేచింది. కొన్నాళ్ళకి ప్రతి మిషను పక్కనా ఒక ఎర్ర మగ్గు వేలాడేది. తేడా వస్తే మగ్గు పైకెక్కుతుంది. పని అయ్యాక దాన్ని దించి కొక్కేనికి తగిలించడం బావ వంతు. ఇంకెవరూ దించరు. ఎవరూ పెట్టిన రూలు కాదు, అలా జరిగిపోయింది.

ఇలా మా రోజులు మగ్గుల మీద హాయిగా వెళ్ళిపోతుంటే, ఓనరుకి తెరల మీద మోజు పుట్టింది. మోజంటే అన్యాయమే లెండి. మా బకెట్లు కొనే పెద్ద షాపులవాళ్ళు, మీ మిషన్లు ఎంతసేపు తిరుగుతున్నాయి, ఎంతసేపు ఆగుతున్నాయి, ఎందుకు ఆగుతున్నాయి, అన్నీ కంప్యూటర్లో చూపిస్తేనే పెద్ద ఆర్డరిస్తామన్నారట. పైగా అవతలి వీధి ఫ్యాక్టరీలో అప్పటికే తెరలు పెట్టేశారట. మొదటి కారణానికి ఓనరు తల గోక్కున్నాడు. రెండో కారణానికి నిద్ర మానుకున్నాడు.

అలా వచ్చిందొక అమ్మాయి. భుజాన సంచి, సంచి నిండా వైర్లు. మిషన్లకి తెరలు బిగించడానికి వచ్చింది కాబట్టి మేం ‘తెరమ్మాయి’ అన్నాం. నవ్వుతూ మాట్లాడేది, అడిగిందానికి విసుక్కోకుండా చెప్పేది, మాతోపాటే క్యాంటీన్‌లో బెంచీ మీద కూర్చుని టీ తాగేది. ప్రతి మిషనుకీ ఒక పలక లాంటి తెర బిగించింది. మిషను ఆగితే ఆ పలక కుయ్‌కుయ్‌మని మొత్తుకుంటుంది. ఎందుకాగిందో మీట నొక్కితే తప్ప ఊరుకోదు. పలక మీద నాలుగు మీటలు. పసుపు నొక్కితే కరెంటు లేదని, నీలం నొక్కితే గుళికలు లేవని, ఆకుపచ్చ నొక్కితే అచ్చు మారుస్తున్నామని, ఎరుపు నొక్కితే మిషన్లో లోపమని. ఒక్కో మీట కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. ఎరుపు కింద ‘బాధ్యులు: మెకానిక్’ అని.

హాలు మధ్య గోడకి పెద్ద తెర కూడా పెట్టారు. పలకల మీద నొక్కిందంతా అందులో కనిపిస్తుంది. మేనేజరు ముచ్చటపడి, తెరమ్మాయి రాకముందే ఊచలూ మగ్గులూ అన్నీ పీకించేశాడు. “పెద్ద షాపులవాళ్ళు చూడ్డానికి వస్తారయ్యా, కర్రల మీద మగ్గులేంటి, నవ్విపోతారు,” అన్నాడు. మగ్గులన్నీ పాత సరుకుతో కలిపి పొడి చేయడానికి పంపేశారు. వాటి బదులు ప్రతి పలక పైనా ఒక కాగితం అంటించారు. తప్పుడు కారణం నొక్కినవాళ్ళ మీద చర్య తీసుకుంటారట. ప్యాకింగుకి మాత్రం పలక ఇవ్వలేదు. అట్టపెట్టెకి ఏం రోగం వస్తుందిలే అనుకున్నట్టున్నారు.

మూడో మిషను మీద పనిచేసే మనిషిని మేం పహిల్వాన్ అంటాం. పేరు చూసి మోసపోవద్దు, గట్టిగా గాలొస్తే మిషను పట్టుకుని నిలబడే రకం. మొదట ఆగింది అతని మిషనే. పలక మొత్తుకుంది. అతను ఎరుపు మీదికి వేలు పోనిచ్చి, కిందున్న చిన్న అక్షరాలు చదివి, వేలు వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ చదివాడు. పక్కనున్న పిన్ని వంక చూశాడు. పిన్ని మెడ చాచి తనూ చదివింది, చదివి మొహం చిట్లించింది. పహిల్వాన్ వేలు మెల్లిగా జరిగి జరిగి పసుపు మీద వాలింది. పలక నోరు మూసుకుంది. తరవాత అతను గుడ్డ ఊపి బావని పిలిచాడు. బావ వెళ్ళాడు, “ఏమంటోంది?” అన్నాడు, కాలిపోయిన హీటరు మార్చి వచ్చాడు.

అంతే, దారి దొరికింది. కరెంటు మీద తోసేస్తే ఎవరికీ నష్టం లేదు. కరెంటుకి పెళ్ళాం బిడ్డలు లేరు, దాన్ని ఎవరూ గదిలోకి పిలిచి నిలదియ్యరు. అందరూ కూడబలుక్కున్నదేం లేదు, ఒకర్ని చూసి ఒకరు నొక్కారు. నూనె కారినా కరెంటు లేదు. అచ్చు ఇరుక్కున్నా కరెంటు లేదు. నెత్తి మీద ఫ్యాన్లు గిర్రున తిరుగుతుండగా, పక్క మిషన్లు దడదడా కొట్టుకుంటుండగా, ఈ ఒక్క మిషనుకీ కరెంటు లేదు. బావ చేతులు ఎప్పుడూ నూనెలోనే ఉంటాయి కాబట్టి ఆయన పలక వంకా, గోడ మీది పెద్ద తెర వంకా చూసేవాడే కాదు. ఆపరేటర్లు నొక్కితే చాలని మేనేజరు కూడా చెప్పాడు. నాకు సంగతి తెలుసు. మా బావ మీద జనానికెంత ప్రేమ అని నేను మురిసిపోయాను కూడా.

నెల తిరిగింది. తెరమ్మాయి ఆ నెల లెక్కని గుండ్రటి బొమ్మగా వేసి ఇస్తే, మేనేజరు దాన్ని పట్టుకుని అద్దాల గదిలోకి పరిగెత్తాడు. ఆయనకి గుండ్రటి బొమ్మలంటే ప్రాణం. ఏ మిషను ఎప్పుడు ఆగిందో విడిగా చూసే ఓపిక లేదు, మొత్తం రంగు చూసి తృప్తిపడతాడు. బొమ్మంతా పసుపే. ఎరుపు గీత కూడా లేదు.

దాంతో రెండు పనులు జరిగాయి. ఒకటి, ఓనరు కరెంటాఫీసు వాళ్ళ మీద విరుచుకుపడ్డాడు. వాళ్ళొచ్చి మీటర్లు పెట్టి, స్తంభమెక్కి, దిగి, “మీకు కరెంటు పోనేలేదండీ,” అన్నారు. “పోయిందని నా తెర చెప్తోంది,” అన్నాడు ఓనరు. “మా మీటరు పోలేదంటోంది,” అన్నారు వాళ్ళు. ఇద్దరూ తమ తమ డబ్బాల తరఫున చాలాసేపు వాదించుకున్నారు. చివరికి ఓనరు పంతానికి పోయి, గది అంత జనరేటరుకి ఆర్డరిచ్చాడు.

రెండోది, మా బావకి బహుమతి. అందరి ముందూ పిలిచి, “నెలంతా ఒక్క రిపేరూ లేదు. ఇదీ పనంటే,” అని చప్పట్లు కొట్టించి ఓ గోడగడియారం చేతిలో పెట్టారు. ఆపరేటర్లందరూ అందరికన్నా గట్టిగా కొట్టారు. బావ అది చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, అయోమయంగా కూర్చున్నాడు. మేం వాళ్ళ పైవాటాలోనే ఉంటాం, గడియారం చూడ్డానికి నేనూ దిగాను.

“నెలంతా నడుం వంగిపోయేలా చేశాను మరదలా. రిపేర్లు లేవంటారేంటి?” అన్నాడు.

“మెచ్చుకుంటుంటే తీసుకోక, తవ్వుతావెందుకు బావా?” అన్నాను.

“చిన్నచిన్నవి లెక్కలోకి రావేమోలే,” అని ఆయనే సర్దుకున్నాడు. మా అక్క ఎన్నాళ్ళుగానో అడుగుతున్న మేకు ఆ సాయంత్రం గోడకి దిగింది. గడియారం ఎక్కింది.

రెండో నెల కూడా బొమ్మ పసుపు కక్కింది. ఈసారి మేనేజరుకి ఆలోచన వచ్చింది. ఆయనకి ఆలోచన వస్తే మాకు కష్టం వచ్చినట్టే. రిపేర్లే లేనప్పుడు రోజంతా స్టూలు మీద ఒక మనిషెందుకు? బయట రిపేర్ల కంపెనీలున్నాయి, ఎప్పుడైనా అవసరమైతే ఫోన్ చేస్తే వాళ్ళే వస్తారు. బావని పైకి పిలిచారు. మేనేజరు చెడ్డవాడేం కాదు, కుర్చీ వేయించాడు, మంచినీళ్ళిచ్చాడు.

“నువ్వు మిషన్లని ఇంత బాగా చూసుకున్నావు కాబట్టే ఇక నీ అవసరం లేకుండా పోయింది. వచ్చే నెల నుంచి రానక్కర్లేదు. ఏమనుకోకు,” అన్నాడు.

ఆ గదిలోనే ఓ మూల తెరమ్మాయి ఉంది. మెకానిక్ పేరు తీసేసి బయట కంపెనీ పేరు పెట్టమంటే ఆ పనిలో ఉంది. బావ లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని, “ఒకసారి నాకూ చూపిస్తావా అమ్మా?” అని అడిగాడు. ఆమె మూడో మిషను తెరిచి చూపించింది. వరసగా పసుపు గీతలు. బావ వాటిని చాలాసేపు చూశాడు. హీటరు మార్చిన పూట పసుపు. పంపు విప్పిన పూట పసుపు. నాలుగోది తెరవమన్నాడు, అక్కడా పసుపే.

“ఏమైనా తప్పుందా అంకుల్?” అని అడిగింది ఆమె.

తప్పుందంటే ఎవరు నొక్కారన్న మాట వస్తుంది. పలకల పైన కాగితాలు అంటించే ఉన్నాయి. పహిల్వాన్ నుంచి పిన్ని దాకా ఒక్కరూ మిగలరు.

“లేదమ్మా,” అన్నాడు బావ. అని మెట్లు దిగి, తన స్టూలు దగ్గరికెళ్ళి, సామాన్లు తుడవడం మొదలుపెట్టాడు.

ఈ మాటలన్నీ ఆ సాయంత్రం ఇంట్లో మాకు చెప్పాడు, ఎవరో పక్కింటాయన సంగతి చెప్పినంత తాపీగా. మా అక్క వింటూ వింటూ మంచం మీద కూలబడిపోయింది. ఆ ఇల్లు నడిచేది ఆయన జీతం మీద. పిల్ల చదువు సగంలో ఉంది. యాభై దాటి, మోకాళ్ళు అరిగిన మెకానిక్‌ని కొత్తగా పనిలో పెట్టుకునేవాళ్ళు ఎక్కడున్నారు? అక్క అడిగేసింది. “ఉన్నదున్నట్టు చెప్పొచ్చు కదండీ?”

“చెప్తే, ఎవరు చేశారంటారు. ఆ మాట నేనెప్పుడైనా అడిగానా?”

“ఇప్పుడు అడుగు బావా,” అన్నాను. “నీ పొట్ట కొట్టినవాళ్ళని అడగడానికి మొహమాటమా?”

“పొట్ట కొట్టాలని కొట్టారా? నా మీదికి రాకూడదని నొక్కారు. వాళ్ళకి మాత్రం ఏం తెలుసు?”

బావ లేచి గోడ మీది గడియారం దించాడు. అది ఆ రోజే ఆగిపోయింది. బహుమతుల గడియారాలు అంతేలెండి. దాన్ని విప్పి చిన్న మరలన్నీ కంచంలో పోసుకుని కూర్చున్నాడు. కాసేపటికి, ఎవర్నీ చూడకుండా, “ఇన్నేళ్ళుగా మిషన్ల దగ్గరికి పిలిపించుకుంటూ బతికాను. వచ్చే నెల నుంచి ఎవరూ పిలవరంటే ఎలాగో ఉంది,” అన్నాడు. కంచంలోంచి ఒక మర తీసి, మళ్ళీ అందులోనే వేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూ కూర్చోవడం నా వల్ల కాదు, నాకు ఏడుపు తరవాత వెంటనే కోపం వస్తుంది.

మర్నాడు టీ టైముకి క్యాంటీన్‌లో అందరూ చేరేదాకా ఆగాను. బావ టీ హాల్లోకే తెప్పించుకుంటాడు కాబట్టి క్యాంటీన్‌లో లేడు. నేను బెంచీల మధ్యకెళ్ళి నిలబడ్డాను.

“అందరూ టీ తాగుతున్నారా? తాగండి. మీరంతా కలిసి మా బావ ఉద్యోగం ఊడగొట్టారు. చప్పట్లు కూడా కొట్టారు,” అన్నాను.

“మేమా? మేమేం చేశాం?” అన్నాడు పహిల్వాన్.

“పసుపు నొక్కారు. రెండు నెలలు నొక్కారు. మిషన్లు చెడిపోవట్లేదంట. చెడిపోనప్పుడు మెకానిక్ దండగంట. ఈ నెలతో సరి.”

ఎవరి గ్లాసు వాళ్ళ చేతిలో ఉండిపోయింది. “అన్నని ఏమీ అనకూడదనే కదక్కా…” అన్నాడు పహిల్వాన్.

“ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసే, మీ పేర్లు బయటికి రాకూడదని నోరు మూసుకున్నాడు. నాకు అంత మంచితనం లేదు.”

నాలుగో మిషను పిన్ని మా అందరికన్నా పెద్దావిడ. టీ గ్లాసు బెంచీ మీద పెట్టి, చీర కుచ్చిళ్ళు దులుపుకుని లేచింది. “లేవండి. కూర్చుని ఏడిస్తే ఏమొస్తుంది, పోయి చెప్పేద్దాం,” అంది. ఎవరితో చెప్పాలన్నది ఆలోచించాల్సి రాలేదు. పైకెళ్ళే ధైర్యం ఎవరికీ లేదు, మెట్ల కింద చిన్న గదిలో తెరమ్మాయి ఉంది. ఆ గదిలో ఇద్దరు పడతారు. మేం అరడజను మందిమి దూరాం, మిగతావాళ్ళు గుమ్మం దగ్గర మెడలు చాచి నిలబడ్డారు.

నేను చెప్పింది వింటూ తెరమ్మాయి పాలిపోయింది. వెంటనే కంప్యూటర్ వైపు తిరిగి ఏవో గీతలు పక్కపక్కన పెట్టి చూసింది. మూడో మిషనుకి కరెంటు లేని టైముకి రెండోది, నాలుగోది తిరుగుతూనే ఉన్నాయి. “నేనే చూసుకోవాల్సింది,” అంది తనలో తాను. తరవాత కుర్చీ మా వైపు తిప్పుకుంది. పహిల్వాన్ భయపడి గోడకి అతుక్కుపోయాడు.

“ఎవరు నొక్కారో నేనడగను. ఎందుకు నొక్కాలనిపించిందో అది చెప్పండి,” అంది.

ఆ మాట వినగానే నాకు బావ గుర్తొచ్చాడు. అందరికీ గుర్తొచ్చే ఉంటాడు, బిగుసుకున్న భుజాలన్నీ ఒక్కసారి సడలాయి. గోడ దగ్గర్నుంచి పహిల్వానే ముందు అన్నాడు.

“మగ్గు పెడితే ఆయన్ని పిలిచినట్టమ్మా. ఈ ఎరుపు నొక్కితే ఆయన మీద చాడీ చెప్పినట్టుంది.”

“మగ్గేంటి?” అంది తెరమ్మాయి. ఆమె వచ్చేసరికే మేనేజరు హాలు ముస్తాబు చేయించి మగ్గులు పీకించేశాడు, ఆమెకి చూసే అవకాశం రాలేదు. పిన్ని వెళ్ళి మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర్నుంచి ఒక మగ్గు తెచ్చింది. తనది తను దాచుకుంది, పొడి చేసే మిషనుకి ఇవ్వలేదు. అదే సొట్ట, అదే ఎరుపు. తెరమ్మాయి దాన్ని టేబుల్ మీద బోర్లించుకుని, దాని కథంతా అడిగింది. ఎప్పుడు పైకెక్కుతుంది, ఎవరు దించుతారు, వేరేవాళ్ళు ఎందుకు దించరు, అన్నీ. మేం ఒకరి మాట మీద ఒకరం పడి చెప్పాం.

తరవాత ఆమె ఒక్కతే పైకెళ్ళింది. అక్కడ ఏమన్నదో అద్దాల గదికి టీ పట్టుకెళ్ళే ఆయన ద్వారా మాకు అందింది. “రెండు నెలల లెక్క తప్పు సార్. నేను పెట్టిన మీటలే తప్పు. ఆపరేటర్లది కాదు. సరిచేసి మళ్ళీ చూపిస్తాను,” అందట. “జనరేటరు బయల్దేరిపోయిందమ్మా,” అన్నాడట మేనేజరు నీరసంగా. ఓనరు ఒకటే మాటన్నాడట. బయట కంపెనీ మనిషి సంతకాలకి వస్తున్నాడు, ఆలోగా చూపించగలిగితే చూపించు, లేకపోతే అనుకున్నట్టే జరుగుతుంది అని.

బావకి మేమెవరం ఏమీ చెప్పలేదు. చెబితే వద్దంటాడు. ఆయన తన పాటికి తాను స్పానర్లు తుడిచి సైజు ప్రకారం పేర్చుకుంటున్నాడు, తరవాత ఎవరైనా వస్తే వెతుక్కోకుండా దొరకాలట.

సంతకాల రోజు పొద్దున మేం లోపలికి రాగానే పలకలు కొత్తగా కనిపించాయి. ఎరుపు మీట పోయింది. ‘బాధ్యులు’ అన్న ముక్క పోయింది. దాని చోట బోర్లించిన ఎర్ర మగ్గు బొమ్మ, పక్కకి చిన్న సొట్టతో సహా. కింద ‘మెకానిక్‌ని పిలవండి’ అని ఉంది. పిన్ని ఆ సొట్టని వేలితో తడిమి చూసింది.

మిషన్లు మొదలయ్యాయి. ఓనరు, మేనేజరు, బయట కంపెనీ మనిషి ముగ్గురూ హాల్లోకి దిగొచ్చి పెద్ద తెర ముందు నిలబడ్డారు. కంపెనీ మనిషి చేతిలో కాగితాలున్నాయి. బావ తన స్టూలు మీద, తెరకి ఎదురుగా, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

పిన్ని నొక్కింది. పెద్ద తెర మీద నాలుగో మిషను పైన ఎర్ర మగ్గొకటి లేచింది. ఆ వెంటనే మూడో మిషను పైన. తరవాత తొమ్మిదో దాని పైన. చివర వరసలో రెండు ఒకేసారి లేచాయి. చూస్తుండగానే తెర సగం మగ్గులతో నిండిపోయింది. నాటకమాడారనుకోవద్దు. ఆయన్ని తిప్పలు పెట్టకూడదని, మళ్ళీ పలకకి అబద్ధం చెప్పాల్సొస్తుందని, అందరూ చిన్నచిన్న రోగాలు దాచుకునే నడుపుతున్నారు. ఒకదాని బోల్టు వదులు, ఒకదాని నూనె గొట్టం కారుడు, ఒకదాని తలుపు కిర్రు. అన్నీ ఒక్కసారి బయటపడ్డాయి.

కంపెనీ మనిషి మొహం వెలిగిపోయింది. “ప్రతి పిలుపుకీ బిల్లు విడిగా ఉంటుంది సార్,” అన్నాడు వినయంగా. ఓనరు అతని వంక చూశాడు, తెర వంక చూశాడు, ఇంకో మగ్గు లేవడం చూశాడు. కాగితాలు తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో తోసేశాడు. “మీకు తరవాత కబురు చేస్తాం. మా మెకానిక్ ఉన్నాడు,” అన్నాడు. అని మేనేజరు వైపు తిరిగి, “ఆ జనరేటరు ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కో,” అన్నాడు. అది అప్పటికే గేటు దగ్గరుంది. ఇప్పటికీ ఆవరణలో ఉంది, మధ్యాహ్నం దాని నీడలో కూర్చుని మేం టీ తాగుతుంటాం.

ఈ మాటలేవీ బావకి వినపడలేదు, ఆ మోతలో వినపడవు కూడా. ఆయన చూస్తున్నది మగ్గుల్ని. నోరు కాస్త తెరుచుకుని, ఒక్కో మగ్గు లేస్తున్నకొద్దీ ఒక్కో మిషను వైపు తల తిప్పుతున్నాడు. ప్రతి మిషను దగ్గరా మనుషులు ఆయన వైపే చూస్తున్నారు. ఒక చెయ్యి తుడుచుకున్నాడు. రెండోది మర్చిపోయాడు. గుడ్డ స్టూలు మీద పారేసి, స్పానర్ల సంచి అందుకుని, పరుగెత్తాడు.

నేను చేతిలో ఉన్న టేపు వదిలేశాను. మా అక్క పురిటికి నడిచొచ్చిన మనిషి, రెండు వరసల మిషన్ల మధ్య, మోకాళ్ళు ఎగరేసుకుంటూ పరుగెత్తుతున్నాడు.

“అన్నా, నిదానం,” అని అరిచాడు పహిల్వాన్.

నాలుగో మిషను దగ్గర ఆగి, రొప్పుతూ, “ఏమంటోంది పిన్నీ?” అన్నాడు. పిన్ని చెప్పింది. చెప్తూ కళ్ళొత్తుకుంది. ఆయన విప్పాడు, బిగించాడు, “నిదానం, నిదానం” అని ఎవరికి చెప్పాడో గానీ చెప్పాడు. మిషను తిరిగింది. పలక మీద మగ్గు మాత్రం అలాగే ఉంది. తెరమ్మాయి పక్కకొచ్చి నిలబడింది.

“అది మీరు తాకితేనే దిగుతుంది అంకుల్. ఇంకెవరు నొక్కినా దిగదు. అలాగే పెట్టాను,” అంది.

బావ నూనె వేలితో జంకుతూ తాకాడు. మగ్గు దిగింది. అద్దం మీద నల్లటి వేలిముద్ర పడింది. తుడవబోతే పిన్ని చెయ్యి అడ్డం పెట్టి, “పక్కది చూడు నాయనా, పిలుస్తోంది,” అంది.

ఆ సాయంత్రం ఆయన ఇంటికి ఎప్పటికన్నా నిదానంగా నడిచొచ్చాడు, కుంటుతూ. అక్క వేడినీళ్ళలో గుడ్డ పిండి మోకాళ్ళకి వేస్తూ, సంతోషం పట్టలేక తిట్టింది. “ఈ వయసులో మీకు పరుగేంటండీ? ఎవరు తరిమారు?”

“ఎవరూ తరమలేదు,” అన్నాడు బావ. “పిలిచారే.”